కుట్లక్కను స్పేర్ చేయలేరట

ఆసుపత్రిలో అందరూ ఆమెను కుట్లక్క అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఆమెకే గుర్తులేదు గానీ, దానివల్ల వచ్చిన తిప్పలు మాత్రం బాగా గుర్తున్నాయి. ఒకసారి మోకాలికి ఎనిమిది కుట్లు పడిన ఒక పెద్దాయన, వాటిని విప్పించుకోవడానికి ఎక్కడికి వెళ్ళాలని వాచ్‌మన్‌ను అడిగాడు. అతను ఏ ధ్యాసలో ఉన్నాడో ఏమో, "కింద కుట్లక్క గదికి వెళ్ళండి" అన్నాడు. పెద్దాయన గోడ పట్టుకుని ముప్ఫై మెట్లూ దిగి వచ్చి, కుట్టుమిషను ముందు జానెడు కత్తెరతో కూర్చున్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "దాంతోనేనా అమ్మా?" అని అడిగాడు. ఆమె నవ్వు బిగబట్టుకుని, ఆయనకు మంచినీళ్ళిచ్చి, లిఫ్టులో పైకి తీసుకెళ్ళి డ్రెస్సింగు గదిలో అప్పజెప్పి వచ్చింది.

గుడ్డతో చేసినది ఏది చిరిగినా ఆమె దగ్గరికి రావలసిందే. దుప్పట్లకు మాసికలు, దిండు గలీబులకు అంచులు, విరిగిన చేతిని మెడకు వేలాడదీసే పట్టీలు, రోగుల గౌన్లకు తాళ్ళు. ఇరవై నాలుగేళ్ళుగా అదే పని. ఆమె వేసిన మాసిక ఎక్కడుందో చూపించమంటే ఉతికేవాళ్ళు కూడా వేలితో తడిమి వెతుక్కోవాల్సి వచ్చేది. చదువు ఎనిమిదో తరగతితోనే ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం వచ్చు, అవి అక్క నేర్పినవి. ఆమె కంటే ఎనిమిదేళ్ళు పెద్దదైన ఆ అక్క ముప్ఫై ఏళ్ళు బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పింది. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక వచ్చి వీళ్ళ ఇంట్లోనే ఉంటోంది.

ఆ ఏడాది మొదట్లో అక్కకు పక్షవాతం వచ్చింది. కాలు నెల తిరక్కుండానే దారికొచ్చింది, కుడిచెయ్యి కాస్త కాస్తగా కదులుతోంది, మాట మాత్రం రాలేదు. రాకపోవడమంటే పూర్తిగా మూగబోవడం కాదు. ఆవిడకు అన్నీ తెలుసు, అన్నీ అర్థమవుతాయి. చెప్పబోయిన మాట నోటి దాకా వచ్చేసరికి దారితప్పి ఇంకో మాటగా బయటికొచ్చేది. ఎక్కువగా వచ్చేది "తలుపు". మంచినీళ్ళు కావాలన్నా తలుపే, రేడియో కట్టేయమన్నా తలుపే. రోజుకు మూడుసార్లు, వేళ తప్పకుండా మాటల అభ్యాసం చేయించాలని డాక్టరు చెప్పాడు. పొద్దున, సాయంత్రం కుట్లక్క చేయించేది. మధ్యాహ్నం ఇంట్లో మనిషి ఉండడు. పక్కింటావిడ వచ్చి కూర్చునేది కానీ, ఆవిడ మాట్లాడితే అవతలివాళ్ళకు సందు దొరకదు.

పెద్దాసుపత్రికీ ఇంటికీ మధ్య రెండు బస్సులు, గంటంబావు ప్రయాణం. అదే ఆసుపత్రికి ఊరి ఈ చివర ఒక చిన్న బ్రాంచి ఉంది. ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలు. అక్కడికి మార్పించుకుంటే మధ్యాహ్నం భోజనం వేళకు ఇంటికొచ్చి అక్కతో అరగంట కూర్చోవచ్చు. ఇరవై నాలుగేళ్ళలో ఎవర్నీ ఏమీ అడగని మనిషి, రెండు వారాలు తటపటాయించి, చివరికి ఒక అర్జీ రాసి ఆఫీసులో ఇచ్చింది.

శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆ అర్జీ ఒక కవరులో తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఆకుపచ్చ సిరాతో ఇంగ్లీషులో మూడు ముక్కలు, కింద సూపరింటెండెంటు సంతకం, తేదీ. ఆమె మిషను మీద వంగి కూడబలుక్కుంది. కెనాట్. బి. స్పేర్డ్. మొదటి రెండూ తెలుసు. మూడోది తెలియదు. కానీ మొదటిదే "కెనాట్" అయినప్పుడు తర్వాతది ఏదైనా మంచి మాట అయ్యే అవకాశం తక్కువని మాత్రం తెలుసు.

పైకెళ్ళి ఏ డాక్టరును అడిగినా అర నిమిషంలో చెప్పేవాళ్ళు. ఆమె వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి కారణం గౌన్లు.

రోగులకు వేసే గౌను వెనకవైపు తెరిచి ఉంటుంది. మెడ దగ్గర ఒక తాడు, నడుం దగ్గర ఒక తాడు, మిగతాదంతా గాలికి వదిలేసినట్టే. రెండు నెలల క్రితం కుట్లక్క గలీబుల మూట పట్టుకుని పైకి వెళ్తుంటే వరండాలో ఒక ముసలాయన ఎక్స్‌రే గదికి నడుస్తున్నాడు. ఒక చేత్తో సెలైను స్టాండు తోసుకుంటున్నాడు, రెండో చేత్తో వెనకాల గౌనును పిడికిట బిగించి పట్టుకున్నాడు. వెనకే ఆయన కూతురు, పెద్ద ఎక్స్‌రే కవరును తండ్రికి అడ్డంగా పెట్టి, తల పక్కకు తిప్పుకుని నడుస్తోంది. ఎదురొచ్చినవాళ్ళు గోడ వైపు చూస్తూ దారి ఇచ్చారు. ఆ నడక కుట్లక్క కళ్ళలోంచి పోలేదు. మర్నాడు పాతబడి పక్కన పడేసిన దుప్పట్లు చింపి, గౌనుకు వెనకాల ఒక మూరెడు గుడ్డ అదనంగా కలిపి, ఒక అంచు ఇంకో అంచు మీదికి వచ్చి పక్కన ముడిపడేలా కుట్టింది. సెలైనుకు, పరీక్షలకు అడ్డం రాకుండా చేతుల దగ్గర ఏమీ మార్చలేదు. నెల తిరిగేసరికి అలాంటివి నలభై గౌన్లు వార్డుల్లో తిరుగుతున్నాయి.

ఎవర్నీ అడగలేదు. అదే తప్పయింది. నర్సులందరి మీదా పెత్తనం పెద్ద సిస్టరుది. ఆవిడ ఒకరోజు కింది గదికి దిగి వచ్చి, మారిన గౌను ఒకటి ఆమె ముందు పడేసింది.

"ఇదెవర్ని అడిగి మార్చారు?"

"ఎవర్నీ అడగలేదు సిస్టర్. వెనకాల..."

"గౌను కొలతలు మార్చే అధికారం మీకెవరిచ్చారు? రేపు ఇంకొకరు ఇంకోటి మారుస్తారు. నేను పైకి రాస్తాను."

ఆ తర్వాత నెల రోజులూ ఏమీ జరగలేదు. జరగలేదు కాబట్టి జరగబోతుందని కుట్లక్క కాచుకుని కూర్చుంది. ఇప్పుడు ఆకుపచ్చ సిరా వచ్చింది.

ఆ సాయంత్రం రెండు బస్సుల్లోనూ ఆమెకు కూర్చోవడానికి చోటు దొరికింది. అలాంటి అదృష్టం ఏడాదికి ఒకసారి కూడా పట్టదు. ఆ రోజు అది కూడా కీడుగానే తోచింది.

ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు. చేతులకు సబ్బు రాసుకుంటూనే కాగితం చదివించుకుని విన్నాడు.

"స్పేరా? ఇదేం పెద్ద విషయమే. స్పేర్ టైరు, స్పేర్ పార్టు. వాడకుండా మిగులుగా పక్కన పెట్టుకునేది. నువ్వు మిగులు కాదంటున్నారు. మంచిదేగా."

"మనిషి గురించి రాస్తే మీరు టైరు గురించి చెప్తారేంటండీ?"

"మాట ఒకటే కదా."

"ఒకటి కాదు. చివర్న 'డ్' ఉంది చూడండి. అయిపోయినదానికి 'డ్' పెడతారని అక్క చెప్పింది."

"అయిపోయిందా? ఏమైపోయింది?"

"అదే కదా తెలీంది."

అప్పుడు ఆమె గౌన్ల సంగతి చెప్పింది. అప్పటిదాకా ఇంట్లో చెప్పలేదు. ఆయన సబ్బు చేతులతో అలాగే నిలబడ్డాడు.

"నలభై గౌన్లా? అడక్కుండానే?"

 ఎప్పుడూ ఏదో ఒక హాస్యం ఆడకుండా ఉండలేని మనిషి నోరు మూసుకునేసరికి కుట్లక్క భయం రెట్టింపయింది.

శనివారం పొద్దున కుట్లక్క తన అక్క అలమారలో వెతికింది. అక్క దగ్గర ఇటుకంత నిఘంటువు ఒకటి ఉండేది. జబ్బు చేశాక దాన్ని చూసినప్పుడల్లా కళ్ళనీళ్ళు పెట్టుకుంటోందని కుట్లక్క భర్తే దాన్ని అట్టపెట్టెలో పెట్టి బడికి ఇచ్చివచ్చాడు. మిగిలింది అరచేతిలో పట్టే చిన్నది. అట్ట ఊడిపోయింది, అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. ఆమె దాన్ని కిటికీ దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళి, వేలు ఆనించి, ఆ మాట పట్టుకుంది. ఎదురుగా ఒకటే వరస: ప్రాణాలతో విడిచిపెట్టు, క్షమించు, దయచూపు.

టైరు ఊసే లేదు. కుట్లక్క మాటకు మాట పేర్చుకుంది. కెనాట్ అంటే వీల్లేదు. స్పేర్ అంటే క్షమించు. క్షమించడానికి వీల్లేదు. మళ్ళీ ఒకసారి మొదటి నుంచి చూసుకుంది. ఎటునుంచి చదివినా అంతే వచ్చింది.

అక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుని రబ్బరు బంతి పిసుకుతోంది. ఆవిడకు చెప్పి బాధపెట్టకూడదనే అనుకుంది. కానీ ఇంగ్లీషు ముక్క తెలిసిన మనిషి ఎదురుగా ఉంటే చెయ్యి ఆగలేదు. కాగితం ఒళ్ళో పెట్టింది.

అక్క చదివింది. మూతి ఎడమవైపు మెల్లగా పైకి లేచింది. నవ్విందో ఏమో తెలియలేదు.

"అక్కా, క్షమించం అనే కదా రాశారు?"

"కాదు," అంది అక్క. ఆ ఒక్క మాట ఆవిడకు బాగానే వచ్చేది. "కాదు. కాదు. తలుపు."

"తలుపా?"

"తలుపు... తలుపు... కాదు."

మామూలు రోజయితే కుట్లక్క నీళ్ళా, దుప్పటా, కళ్ళజోడా అని వరసగా అడిగేది. ఆ రోజు ఆమెకు ఒకటే తట్టింది. "నన్ను గుమ్మం దాటిస్తారంటావా?"

అక్క గట్టిగా తల అడ్డంగా ఊపింది. ఎడమచేత్తో చెల్లెలి మణికట్టు పట్టుకుంది. కుట్లక్క లేవబోయింది. వదల్లేదు. చెయ్యి లాక్కోబోయింది. ఇంకా బిగించింది. పట్టుకుని, కనుబొమలు పైకెత్తి, మొద్దు పిల్లకు మూడోసారి లెక్క చెప్తున్న పంతులమ్మలా ఆమె మొహంలోకి చూసింది.

"భయపడకక్కా," అంది కుట్లక్క. "ఉద్యోగం పోయినా నిన్ను నేను చూసుకుంటాను."

అక్క ఆ చెయ్యి వదిలేసి, అదే చేత్తో తన నుదురు కొట్టుకుంది.

ఆదివారం కుట్లక్క క్షమాపణ ఉత్తరం రాయడానికి కూర్చుంది. మొదటి వాక్యం తేలిగ్గానే వచ్చింది: అడగకుండా గౌన్లు మార్చినందుకు క్షమించగలరు. రెండో వాక్యం, వాటన్నిటినీ మళ్ళీ పాత పద్ధతికి మారుస్తాను అని. సగంలో కలం ఆగింది. ఆ ముసలాయన పిడికిలి కళ్ళముందుకొచ్చింది, తల తిప్పుకుని నడిచిన ఆ కూతురు కూడా. నలభై గౌన్లు కూర్చుని విప్పడం ఆమెకు రెండు వారాల పని. చేతులు చేస్తాయి. మనసు చేయదు.

ఆ కాగితం మడిచి పొయ్యి పక్కన పడేసి, భర్తతో, "నేను తప్పు ఒప్పుకుంటానండీ. గౌన్లు మాత్రం విప్పను," అంది.

ఆయన తల ఊపాడు. "సరే. నేనూ రానా?"

"వద్దు. మీరొస్తే టైరు సంగతి ఎత్తుతారు."

రెండు రోజుల్లో మొదటిసారి ఇద్దరూ నవ్వారు.

సోమవారం ఆఫీసు తలుపులు తీసేసరికి ఆమె బయట బల్ల మీద ఉంది. చేతిలో గుడ్డసంచి. అందులో రెండు గౌన్లు, ఒకటి పాతది, ఒకటి మార్చినది. సూపరింటెండెంటు వచ్చి మూడు నెలలే అయింది. ఆమె ఆయనను దూరం నుంచి చూడటమే తప్ప ఎప్పుడూ మాట్లాడలేదు. సన్నటి మనిషి, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దాని కోసం టేబులంతా వెతికే రకం.

"కూర్చోండి," అన్నాడు.

ఆమె కూర్చోలేదు. బస్సులో వల్లె వేసుకున్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "సార్, మీరు రాసింది చూశాను. క్షమించడానికి వీల్లేదని రాశారు. మీ ఇష్టం. అడక్కుండా చేశాను, తప్పే. నన్నేం చేసినా పడతాను. ఆ గౌన్లు మాత్రం విప్పించకండి సార్."

ఆయన వెతకడం ఆపాడు. "ఏ గౌన్లు?"

కుట్లక్కకు అది ఉడికించడంలా అనిపించింది. సంచి తెరిచి రెండు గౌన్లూ ఆయన ఫైళ్ళ మీదే పరిచింది. ఇది పాతది, ఇక్కడంతా ఖాళీ. ఇది నేను మార్చింది, ఈ అంచు దీని మీదికి వస్తుంది, ముడి పక్కకు పడుతుంది, పడుకున్నా వీపుకు ఒత్తుకోదు. కొత్త గుడ్డ ఒక్క ముక్క వాడలేదు, అన్నీ పాత దుప్పట్లే. కుట్టు గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆమెకు భయం గుర్తుండదు. వరండాలో ముసలాయన సంగతీ, పెద్ద సిస్టరు పైకి రాస్తానన్న సంగతీ కూడా చెప్పింది.

ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత లేచి, మార్చిన గౌను తీసుకుని, చొక్కా మీదే చేతులు దూర్చి వేసుకున్నాడు. పక్క ముడి తానే వేసుకుని, రెండడుగులు నడిచి, వెనక్కి తిరిగి మెడ వంచి చూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పెద్ద సిస్టరు డ్యూటీ పట్టిక పట్టుకుని లోపలికొచ్చింది.

"ఏమైంది సార్? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. దీని మీద మీరు ఫిర్యాదు రాశారా?"

పెద్ద సిస్టరు గౌనును చూసింది, కుట్లక్కను చూసింది. "రాస్తానన్నాను సార్. రాయలేదు."

"ఎందుకని?"

ఆవిడ చేతిలోని పట్టికను సరిచేసుకుంది. సరిచేయడానికి అందులో ఏమీ లేదు. "ఆ వారమే నాకు స్కానింగు తీశారు. రెండో అంతస్తు నుంచి కింద దాకా నడవాలి. దారి పొడుగునా మన స్టాఫే. అటెండరు తెచ్చి ఇచ్చింది ఈ గౌనే."



"మరి ఆ మాట ఈమెకు చెప్పొచ్చు కదా?" అన్నాడు ఆయన.

"చెబుదామనే అనుకున్నాను సార్. నాలుగు రోజుల ముందు తిట్టి వచ్చిన నోటితో..." ఆవిడ మిగతాది మింగేసింది. తర్వాత కుట్లక్క వైపు తిరిగి, "హాయిగా ఉంది," అంది, అది గౌను గురించో ఇంకో దాని గురించో తెలియకుండా.

 ఫిర్యాదే లేదు. మరి ఆకుపచ్చ సిరా? కుట్లక్క అర్జీ తీసి ఆయన ముందు పెట్టింది. "అయితే ఇదేంటి సార్? క్షమించం అని..."

ఆయన తన రాత తానే చదువుకున్నాడు. గౌను విప్పబోతున్నవాడు ఆగి, ఆ గౌనుతోనే కుర్చీలో కూర్చున్నాడు.

"ఇది చూసి రెండు రోజులు భయపడ్డారా?"

"మూడు రోజులు సార్, శుక్రవారంతో కలిపి."

"తప్పు నాది. తెలుగులో రాయాల్సింది." ఆయన కలంతో ఆ మూడో ముక్క కింద గీత గీశాడు. "స్పేర్ అంటే క్షమించడం, చంపకుండా వదిలేయడం, అది ఉంది. కాదనను. శత్రువు చేతికి చిక్కినప్పుడు వాడే మాట అది. పనిచేసే మనిషి గురించి రాస్తే అర్థం వేరు. ఈ మనిషిని వదులుకోలేం, ఇంకో చోటికి పంపిస్తే మాకు ఇక్కడ గడవదు అని."

"ఏ మనిషి సార్?"

"మీరేనమ్మా."

కుట్లక్క అప్పుడు కూర్చుంది.  భుజాల మీద మూడు రోజుల నుంచి మోస్తున్న బరువును ఎవరో వెనక నుంచి వచ్చి దించినట్టయింది. నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, ఏది ముందు తుడుచుకోవాలో తెలియలేదు. ఇరవై నాలుగేళ్ళలో ఆమె పని బాగుందని ఎవరూ కాగితం మీద రాయలేదు. రాసిన ఒక్కసారీ తిట్టనుకుని నిద్ర మానుకుంది. అక్క తన మణికట్టు పట్టుకుని ఎందుకు వదల్లేదో కూడా అప్పుడే తెలిసింది. పాపం, ఆవిడ అర్థం చెప్పేసింది. అర్థం చేసుకోవాల్సిన మనిషే మొద్దు.

పెద్ద సిస్టరు ఆమె చేతికి ఒక గ్లాసు నీళ్ళిచ్చింది. సగం తాగాక కుట్లక్కకు అసలు సంగతి గుర్తొచ్చింది.

"అయితే సార్... బ్రాంచికి మార్పు లేనట్టేనా?"

"లేనట్టే. రాసినప్పుడు మీ మాసికల సంగతే విన్నాను, ఇప్పుడిది చూశాక ఎలా పంపను చెప్పండి? మాసికలు వేసేవాళ్ళు దొరుకుతారు. ఇలాంటిది ఆలోచించేవాళ్ళు దొరకరు." ఆయన ఒంటి మీది గౌను చూపించాడు.

పొగడ్తే. కానీ పొగడ్తతో అక్కకు మధ్యాహ్నం మాటలు రావు. కుట్లక్క గ్లాసు కింద పెట్టి, అక్క సంగతి మొదటి నుంచీ చెప్పింది. అర్జీలో కుటుంబ కారణాల వల్ల అని మాత్రమే రాసింది, ఇంట్లో జబ్బు సంగతి ఆఫీసులో చాటడం ఇష్టం లేక. పాఠాలు చెప్పిన గొంతు ఇప్పుడు ఒక్క మాట దగ్గరే చిక్కుకుపోయి ఉందని చెబుతుంటే, పెద్ద సిస్టరు తలుపు వైపు వెళ్ళబోతున్నదల్లా ఆగి వింది.

చెప్పడం అయ్యాక కుట్లక్క అర్జీలోని ఆ మూడో ముక్క మీద వేలు పెట్టింది. "సార్, ఒకటడుగుతాను. ఇదే మాటను అడగడానికి కూడా వాడొచ్చా? వదులుకోగలరా అని?"

"వాడొచ్చు. అయిదు నిమిషాలు స్పేర్ చేస్తారా అని నేను డాక్టర్లను రోజూ అడుగుతూనే ఉంటాను. చెయ్యరనుకోండి, అది వేరే విషయం."

"అయితే వారంలో రెండు రోజులు నన్ను స్పేర్ చేయండి సార్. మిగతా మూడు రోజులు ఇక్కడే ఉంటాను. బ్రాంచి గుడ్డలన్నీ మూటగట్టి వ్యానులో ఇక్కడికే పంపిస్తున్నారు కదా, ఆ రెండు రోజులూ నేనే అక్కడికెళ్ళి కుట్టేస్తే మూటలు తిరగక్కర్లేదు."

ఆయన పెద్ద సిస్టరు వైపు చూశాడు. ఆవిడ పట్టిక తెరిచింది, ఈసారి నిజంగానే.

"సోమ, మంగళ కుదరదు. ఆపరేషన్లు ఎక్కువ, చిరిగినవన్నీ ఆ రోజుల్లోనే వస్తాయి. గురువారం పిల్లల వార్డు గుడ్డలు." వేలు జరుపుతూ పోయింది. "బుధవారం, శుక్రవారం అయితే మేం సర్దుకుంటాం."

"సర్దుకుంటారా?"

"కష్టమే సార్. సర్దుకుంటాం."

ఆయన అర్జీని ముందుకు లాక్కుని, పాత మూడు ముక్కలూ కొట్టేసి, కింద కొత్త వరస రాశాడు. సంతకం పెట్టబోతుంటే కుట్లక్క, "సార్, కింద తెలుగులో కూడా రాయరా? ఇంటికెళ్ళాక మళ్ళీ భయం పట్టుకుంటుందేమో," అంది. ఆయన రాశాడు: బుధ, శుక్రవారాలు బ్రాంచిలో పనిచేయుటకు పంపడమైనది. మిగిలిన దినములు వీరు లేక మాకు జరగదు. ఆ రెండో వాక్యం ఆర్డరులో ఉండాల్సిన పని లేదని ఆయనకూ తెలుసు.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి భర్త గుమ్మంలోనే ఉన్నాడు. మొహం చూడగానే తెలిసిపోయి పక్కకు తప్పుకున్నాడు. కుట్లక్క చెప్పులు విడిచీ విడవకుండానే అక్క కుర్చీ దగ్గరికెళ్ళి నేల మీద కూర్చుంది. ఆవిడ ఎడమచేతిని తీసుకుని తన మణికట్టు చుట్టూ తానే చుట్టుకుంది.

"ఇదేగా నువ్వు చెప్పింది? వదలం అనేగా? మొద్దుదాన్ని, అర్థం చేసుకోలేదు."

అక్క పెదవులు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. కుట్లక్క తొందరపెట్టలేదు, ఏ మాటనూ అందివ్వలేదు. అలా చేయొద్దని డాక్టరు చెప్పాడు. 

"చె... ప్పా... ను... గా," అంది అక్క.

ఏడాది మొదలైన దగ్గర్నుంచీ ఆవిడ నోట దారితప్పకుండా వచ్చిన మొదటి పెద్ద మాట అది. అందులో కోపం కూడా సరిగ్గా ఉండాల్సినంత ఉంది. కుట్లక్క అక్క ఒళ్ళో తల పెట్టుకుని నవ్వింది. భర్త వంటింట్లోకెళ్ళి ముగ్గురికీ టీ పెట్టాడు. పంచదార రెండుసార్లు వేశాడని తాగాక తెలిసింది. 

బుధవారం నుంచి కుట్లక్క బ్రాంచికి నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడి కుట్టుగది చిన్నది, మిషను మొండిది, కానీ కిటికీ వీధిలోకి తెరుచుకుంటుంది. ఇరవై నాలుగేళ్ళు నేలమాళిగలో ట్యూబులైటు కింద కుట్టిన మనిషికి ఎండలో దారం ఎక్కించడం అలవాటు కావడానికి వారం పట్టింది. ఒంటిగంటకు ఇంటికొచ్చి అక్కతో అరగంట కూర్చుని వెళ్ళేది. రోగుల గౌన్లు రెండు చోట్లా ఆమె కొలతలతోనే కుట్టాలని ఆ నెలలోనే ఆర్డరు వచ్చింది.

మిగతా మూడు రోజుల మధ్యాహ్నాల సంగతి ఆమె భర్త తన మీద వేసుకున్నాడు. డిపోలో రెండింటికి మొదలయ్యే షిఫ్టుకు మారి, పన్నెండు నుంచి వదిన ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. డాక్టరు ఇచ్చిన బొమ్మల కార్డుల్లో పువ్వు, పిల్లి, గొడుగు ఉన్నాయి. వాటితో ఆయనకు రెండు రోజుల్లోనే విసుగొచ్చింది. వదినకు ఎప్పుడో విసుగొచ్చి ఉంది. మూడో రోజు సంచిలోంచి ఒక బోల్టు, ఒక నట్టు, ఒక పాత స్పార్క్ ప్లగ్గు తీసి బల్ల మీద వరసగా పెట్టి, "ఇదేంటి వదినా?" అని మొదలుపెట్టాడు. ఎన్నడూ పట్టుకోని వస్తువులు కావడం వల్లో ఏమో, ఆవిడకు వాటి పేర్లు చప్పున పట్టుబడ్డాయి. వానలు మొదలయ్యేనాటికి ఇంగ్లీషు పంతులమ్మకు గేరు, క్లచ్చు, గ్రీజు అన్నీ వచ్చాయి, వాటి వెనకే మంచినీళ్ళు, కళ్ళజోడు, చెల్లెలి పేరు కూడా వచ్చాయి.

ఒక బుధవారం మధ్యాహ్నం కుట్లక్క ఇంటికొచ్చేసరికి ఆమె భర్త ఇంకా షిఫ్టుకు బయల్దేరలేదు. డిపోలో కొత్తగా వచ్చిన బస్సు గురించి వదినకు ఏకధాటిగా చెబుతున్నాడు. అక్క చాలాసేపు ఓపిగ్గా వింది. తర్వాత ఎడమచెయ్యి పైకెత్తి, తడబడకుండా, "బ్రేకు," అంది.

ఆయన ఆగిపోయాడు. కుట్లక్క అక్క పక్కనే కూర్చుని అన్నం కలుపుకుంది.